కడప వైద్యవిద్యార్థుల ప్రవేశము — రద్దు

మన జిల్లాలలో పదియెకరముల మెట్ట కొనదలచిన రైతు మొదట సబ్‌రిజిస్ట్రారు కచేరికి పోవును. ఆ భూమిపై తాకట్టు కలదా, పంపకపు తగవు కలదా యని విచారించి బాధ్యతల పత్రము తీయించును. అడంగలు చూచును, ఊరిలో నలుగురి నడుగును, కాగితములను వకీలునకు చూపును. దావా నడుచుచున్నదని తెలిసినచో బేరము మానుకొనును. ఏలయన, దావాలోనున్న ఆస్తిని కొన్నవాడు ఆ దావాలో వచ్చు తీర్పునకు లోబడవలసినదేయని 1882 నాటి ఆస్తిబదిలీ చట్టపు 52వ సెక్షను శాసించుచున్నది. ఈ పాటి జాగ్రత్త మనవారికి తాతల నాటనుండి యలవడినది. అయితే ఆ రైతే తన కుమారుని వైద్యకళాశాలలో చేర్చునపుడు, ఆ పదియెకరముల వెలకు మించిన ధనమును కట్టుచు, ఆ సీటుపై దావా కలదో లేదో తెలిసికొనుటకు ఏ కచేరికి పోవలెను? అట్టి కచేరి మనకు లేదు.

ఈ లోపము ఎంత దూరము పోగలదో కడప చూపినది. అచటి ఫాతిమా వైద్యవిజ్ఞాన సంస్థ 2010లో స్థాపితమైనది. 2015-16 విద్యాసంవత్సరమునకు భారత వైద్యమండలి, వసతులు చాలవను కారణమున, ప్రవేశములకు సమ్మతింపలేదు. యాజమాన్యము న్యాయస్థానముల నాశ్రయించెను. వ్యాజ్యము తుదకు తేలకమునుపే సుమారు నూరుమంది విద్యార్థులు చేర్చుకొనబడిరి. వారు రుసుములు చెల్లించిరి, పుస్తకములు కొనిరి, తెల్లకోటు తొడిగిరి. మావాడు డాక్టరు చదువుచున్నాడని తల్లిదండ్రులు బంధువులతో చెప్పుకొనిరి. రెండేండ్లు గడచిన పిమ్మట, 2017లో, ఆ ప్రవేశములు చెల్లవని నిశ్చయమయ్యెను. వ్యాజ్యములో ఓడినది యాజమాన్యము. కాని ఆ యోటమి వలన కళాశాల గోడలు కూలలేదు. విద్యార్థుల రెండేండ్లు మాత్రము లెక్కలోనుండి కొట్టివేయబడినవి.

ఆ యేడు వర్షాకాలము ముగియునాటికి ఆ విద్యార్థులు విజయవాడకు చేరి దీక్షలు పట్టిరి. నిస్పృహ పాలైన కొందరు సెల్ టవరెక్కిరి. ముఖ్యమంత్రి వారితోను, వారి తల్లిదండ్రులతోను మాటలాడెను. వారిని ఇతర కళాశాలలలో సర్దుటకు రాష్ట్రప్రభుత్వము చేసిన యత్నము సర్వోన్నత న్యాయస్థానమున ఫలింపలేదు. మిగిలిన దారి యొక్కటియే: మరల ప్రవేశపరీక్ష వ్రాయుట. అందును ఒక చిక్కు కలదు. వారు చేరిన 2015లో నీట్ అమలులో లేదు. 2013లో కొట్టివేయబడిన ఆ పరీక్ష 2016లో న్యాయస్థానపు ఉత్తర్వుతోనే తిరిగి బ్రదికెను. 2017 నాటికి ఆంధ్రప్రదేశమున వైద్యసీటునకు అదియే ద్వారమయ్యెను. శవచ్ఛేదశాలలో పాఠము వినుచుండినవారు ఇంటర్మీడియటు నాటి భౌతికశాస్త్రపు పుస్తకములను అటకమీదనుండి దింపుకొనవలసివచ్చెను. అంతకు రెండేండ్లు చిన్నవారితో, తమకు పరిచయములేని పరీక్షలో, పోటీపడవలసివచ్చెను.

న్యాయస్థానము కఠినముగా వ్యవహరించినదని అపుడు పలువురనిరి. మేమట్లు తొందరపడి యనజాలము. 1956 నాటి వైద్యమండలి చట్టమునకు 1993లో 10-ఎ, 10-బి యను సెక్షనులు చేర్చబడినవి. కేంద్రప్రభుత్వపు ముందనుమతి లేక క్రొత్త కళాశాల తెరువరాదనియు, సీట్లు పెంపరాదనియు మొదటిది చెప్పును. అట్లు చేసినచో ఆ చదువునకు వచ్చిన పట్టము వైద్యార్హతగా చెల్లదని రెండవది చెప్పును. ఈ చట్టము పుట్టినది ఊరక కాదు. రోగులు లేని ఆసుపత్రులు, తనిఖీ దినమున మాత్రము కనబడు ఆచార్యులు, ఒక కళాశాల బల్లలనే రెండు కళాశాలలలో చూపుట — ఇవన్నియు దేశమున అనేకచోట్ల వినబడిన సంగతులే. మంచములు నిండని ఆసుపత్రిలో చదివినవాడు కాన్పు చేయుట ఎట్లు నేర్చును? పాము కరచి వచ్చిన కూలివానిని రక్షించుట ఎట్లు నేర్చును? చదువు నేర్వని వైద్యుడు పట్టణములో నిలువలేక పల్లెకే వచ్చును. వాని చేతిలో పడువారు జమ్మలమడుగు, ఆలూరు తాలూకాల బీదలేకాని ఢిల్లీలోని మండలి సభ్యులు కారు. కనుక వసతులు లేనిచోట ప్రవేశములు వలదనుట న్యాయమే. మా ప్రశ్న వేరు. వలదన్న మాట విద్యార్థి చెవిని పడునాటికి రెండేండ్లేల పట్టెను? ఆ యాలస్యపు ఖరీదు ఎవరు కట్టవలెను?

ఈ ప్రశ్నకు మన న్యాయస్థానములు ఏబదియేండ్లుగా రెండు విధములైన సమాధానములు చెప్పుచున్నవి. ఆ రెండును చదివినగాని కడప విద్యార్థుల స్థితి బోధపడదు.

1975లో కురుక్షేత్ర విశ్వవిద్యాలయము పైకి వచ్చిన వ్యాజ్యములో, హాజరు చాలని న్యాయశాస్త్ర విద్యార్థిని పరీక్షకు రానిచ్చి పిమ్మట రద్దుచేయుట తగదని సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. విద్యార్థి మోసము చేయలేదు. కాగితములన్నియు విశ్వవిద్యాలయము చేతిలోనేయున్నవి. చూచుకొనవలసిన వేళ చూచుకొననివారు పిమ్మట విద్యార్థిని శిక్షింపరాదు. మన పల్లెలలో పెద్దమనుష్యులు కూర్చుండినను ఇదే మాట చెప్పియుందురు. 1986లో కర్ణాటకమునందలి ప్రైవేటు ఇంజనీరింగు కళాశాలల విషయమున ఇంకొక యడుగు ముందునకు వేయబడెను. అచట చేరిన పరరాష్ట్ర విద్యార్థులకు అర్హత లేదనియే న్యాయస్థానము నిర్ణయించెను. అయినను, మధ్యంతరపు ఉత్తర్వులనీడలో వారప్పటికి ఏండ్ల తరబడి చదివియుండిరి. నేరము అర్హత లేనివారిని ధనమునకై చేర్చుకొన్న కళాశాలలదని యెంచి, వారి చదువు సాగనిచ్చిరి.

ఆ 1986లోనే మన రాష్ట్రమునుండి పోయిన వ్యాజ్యములో తీర్పు వేరుగానుండెను. ఆంధ్రప్రదేశ్ క్రైస్తవ వైద్యవిద్యాసంఘమను పేర కొందరు ప్రభుత్వానుమతి లేకయే వైద్యకళాశాల పెట్టి, విద్యార్థులనుండి ధనము గైకొని చేర్చుకొనిరి. తీర్పు వ్రాసినవారు జస్టిస్ చిన్నప్పరెడ్డిగారు. బీదల పక్షమున కలము పట్టుటకు వెనుదీయని న్యాయమూర్తిగా వారికి పేరు. అట్టివారే ఇది విద్యాసంస్థ కాదు, తెగించిన వంచన యని నిష్కర్షగా పలికి, విద్యార్థులనైన కాపాడుడను ప్రార్థనను త్రోసివేసిరి. ఏ చట్టము వలన విశ్వవిద్యాలయము పుట్టినదో ఆ చట్టమునే అతిక్రమింపుమని విశ్వవిద్యాలయమును న్యాయస్థానము ఆదేశింపజాలదని వారి వాదము. దానిలో దోషమెంచుట కష్టము.

ముప్పదియేండ్ల తరువాత మరల అదే జంట తీర్పులు. భువనేశ్వరమునందలి కళింగ వైద్యవిజ్ఞాన సంస్థ తన నూరు సీట్లను నూటయేబదికి పెంపదలచెను. 2015-16 నకు, అనగా మన కడప విద్యార్థులు చేరిన యేటికే, దానికనుమతి రాలేదు. హైకోర్టు మధ్యంతరపు ఉత్తర్వుతో ఆ ఏబదిమందిని చేర్చుకొన్నది. 2016 మే నెలలో సర్వోన్నత న్యాయస్థానము ఆ సంస్థను తీవ్రముగా మందలించి, 5 కోట్ల రూపాయల ఖర్చులు విధించి, ఆ సొమ్ము విద్యార్థులనుండి రాబట్టరాదని కట్టడిచేసెను. విద్యార్థులను మాత్రము కదలింపలేదు. ఆ మరుసటియేడు నవంబరులో లక్నోలోని జి.సి.ఆర్.జి. సంస్థ వంతు వచ్చెను. అదియు హైకోర్టు ఉత్తర్వుతోనే 150 మందిని చేర్చుకొన్నది. ఈసారి విద్యార్థులకు చదువు దక్కలేదు. కట్టిన రుసుము తిరిగియిచ్చుటయేకాక ఒక్కొక్క విద్యార్థికి 10 లక్షల రూపాయలు పరిహారమీయవలెనని, పైగా 25 లక్షలు ఖర్చులు కట్టవలెనని ఆజ్ఞయయ్యెను. పరిహారమొక్కటియే 15 కోట్లు. లక్నో విద్యార్థులు చేరి కొన్ని మాసములే; కడపవారు చేరి రెండేండ్లు.

అనగా, ఒకే యేట, ఒకే విధమగు వ్యాజ్యపు నీడన చేరిన భువనేశ్వరపు కుఱ్ఱవాడు నేడు వైద్యుడు. కడపలో చేరినవాడు మరల మొదటినుండి ప్రారంభించినవాడు. ఇరువురిలో ఎవరు ఏ నేరము చేసిరి? ఎవరు ఏ పుణ్యము చేసిరి? భువనేశ్వరపు సంస్థకు నూరు సీట్లు నిర్వివాదముగానుండెను, వివాదము పై యేబదికి మాత్రమేయని వకీళ్లు భేదము చూపవచ్చును. కాని కడప సంస్థ యేమి, 1986 నాటి వంచన వంటిదా? ఆసుపత్రి యున్నది, అంతకుముందు చేరిన తరగతులున్నవి, ఊరివారందరు ఎరిగిన కళాశాల. విద్యార్థి తండ్రి గేటువద్ద నిలిచి చూచినచో, అనుమతిగల సంవత్సరమునకును, అనుమతిలేని సంవత్సరమునకును కంటికి కనబడు భేదమేమియు లేదు. నకిలీ కళాశాలను గుర్తింపలేకపోవుట తండ్రి యేమరుపాటు కావచ్చును. నిజమైన కళాశాలలో ఒక యేటి తరగతి మాత్రము చెల్లనిదగునని ఊహింపలేకపోవుట ఏమరుపాటు కాజాలదు.

ఇచట మధ్యంతరపు ఉత్తర్వును గూర్చి రెండు మాటలు చెప్పక తప్పదు. భూమి తగవులో మధ్యంతరపు ఉత్తర్వు అనగా ఉన్నదున్నట్లు నిలుపుట. గట్టు కదలరాదు, పైరు కోయరాదు. ప్రవేశముల తగవులో అట్లు కాదు. చేర్చుకొనుడను మధ్యంతరపు ఉత్తర్వు, లేని స్థితిని క్రొత్తగా సృష్టించును. ఆ యుత్తర్వు అడిగినది యాజమాన్యము, ఎదిరించినది వైద్యమండలి, పొలముపై పడినట్లు దాని ఫలము పడునది మూడవవానిపైన — వాడు వ్యాజ్యములో లేడు, వాని వకీలు లేడు, వానికి నోటీసు లేదు. యాజమాన్యము గెలిచినచో సీట్లు దక్కును. ఓడినచో రుసుములు తిరిగియీయవలెను, అదియు ఎవరైన పట్టుబట్టి అడిగినపుడు. ఇట్టి జూదములో పణము విద్యార్థి యాయుస్సే. మధ్యంతరపు ఉత్తర్వులతో ప్రవేశములకు దారితీయవద్దని సర్వోన్నత న్యాయస్థానము హైకోర్టులను పలుమారులు హెచ్చరించినది. హెచ్చరిక వెనుక ఉత్తర్వు, ఉత్తర్వు వెనుక హెచ్చరిక నడుచుచునేయున్నవి.

ఇక రాష్ట్రప్రభుత్వపు బాధ్యత. దీనిని మన పత్రికలలోగాని సభలలోగాని చర్చించినవారు అరుదు. ప్రైవేటు వైద్యకళాశాల పెట్టదలచినవారు ముందుగా రాష్ట్రప్రభుత్వమునుండి ఆవశ్యకతా పత్రము తేవలెనని 1999 నాటి నియమావళి విధించినది. ఆ పత్రపు నమూనాలో ఒక వాక్యము కలదు. సంస్థ తగిన వసతులు కల్పింపక, క్రొత్త ప్రవేశములు కేంద్రప్రభుత్వముచే నిలుపబడినచో, అప్పటికే చేరియున్న విద్యార్థుల బాధ్యతను రాష్ట్రప్రభుత్వము వహించునని దాని సారాంశము. ఎంతయో యూరట కలిగించు మాట. అయితే ఆ వాక్యములోనే, కేంద్రప్రభుత్వానుమతితో చేరిన విద్యార్థులు అని నియమము. ఆ యొక్క విశేషణముతో 2015 నాటి కడప తరగతి గొడుగు బయట నిలిచిపోయినది. అనుమతితో చేరినవానికి ఆపద తక్కువ. వానికి రక్షణ యున్నది. అనుమతి వివాదములోనుండగా చేరినవానికే ఆపద ఎక్కువ. వానికి రక్షణ లేదు. వరదకు గట్టు కట్టి, ఏరు తెగు చోటనే గండి విడిచినట్లున్నది. కళాశాల అవసరమని వ్రాసియిచ్చినది రాష్ట్రము, తనిఖీ చేసినది కేంద్రపు మండలి, ఉత్తర్వులిచ్చునవి న్యాయస్థానములు. ముగ్గురును తమ తమ యధికారపు హద్దులో సరిగానే ఉన్నారు. హద్దుల నడుమ పడినది విద్యార్థి.

ఇందులకు విరుద్ధమైన యొక చక్కని తీర్పును గూడ ఇచట తలచుట న్యాయము. అదియు ఆంధ్రప్రదేశమునుండి పోయినదే. వైద్యసీటునకు అర్హతయుండియు అక్రమముగా త్రోసివేయబడిన యొక విద్యార్థిని వ్యాజ్యమున, 2019 డిసెంబరు 13న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము పాత సంశయమునొకదానిని తీర్చెను. అంతకుముందు ప్రవేశముల గడువు దాటినచో పరిహారధనమేగాని సీటు లేదని ఒక తీర్పు. అసాధారణ సందర్భములలో సీటే యీయవలెనని మరియొక తీర్పు. 2019లో తేలినదేమనగా: తన తప్పు లేక, జాగుచేయక న్యాయస్థానమునకు వచ్చిన యోగ్యుని గడువు తరువాత నెలలోపల చేర్చుకొనవచ్చును, అది సాధ్యపడనిచో మరుసటియేట సీటు చూపవలెను. గడిచిన యేడు తిరిగిరాదు, ధనము దానికి బదులు కాదని న్యాయస్థానము గుర్తించినది. అన్యాయముగా వెలుపల నిలుపబడినవానికి చట్టము ఇట్లొక దారి కనుగొన్నది. అన్యాయముగా లోపలికి పిలువబడినవానికి మాత్రము నేటికిని దారి లేదు. ఇరువురి నిర్దోషిత్వమును ఒక్కటియే. మరి దారులేల వేరు?

కర్నూలువారికి ఈ యర్హతా వివాదము ఇంకొక రూపమున ఎదురగుచున్నది. 371-డి అధికరణము ననుసరించి 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము విద్యాసంస్థలలో నూటికి 85 సీట్లు స్థానికులకు. కర్నూలు, కడప, అనంతపురము, చిత్తూరు, నెల్లూరు జిల్లాలు శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయపు స్థానిక ప్రాంతము. స్థానికుడెవరు? తండ్రి పొలమున్నచోటివాడు కాడు; సామాన్యముగా తాను చదివినచోటివాడు. అర్హతాపరీక్షతో ముగియు నాలుగేండ్లు ఎచట చదివెనో అచటివాడు. అట్లు ఒకేచోట చదువనిచో ఏడేండ్ల లెక్క. పదవ తరగతివరకు కర్నూలులో చదివి ఇంటర్మీడియటు రెండేండ్లు హైదరాబాదుకు పోయిన పిల్లవాడు ఏడేండ్లలో ఐదేండ్లు ఇచటివాడు గనుక స్థానికుడుగానే నిలుచును. ఎనిమిదవ తరగతిలోనే హాస్టలుకు పంపబడినవాడు నిలువడు. మంచి బడియని ముచ్చటపడి పంపిన తండ్రికి, తాను ఆనాడు కట్టినది హాస్టలు రుసుము మాత్రమే కాదు, కుమారుని స్థానికత్వము గూడయని అయిదేండ్లకుగాని తెలియదు.

రాష్ట్రవిభజన చట్టపు 95వ సెక్షను పదియేండ్లపాటు ఉభయరాష్ట్రములలోను పూర్వపు ప్రవేశ విధానమునే నిలిపినది. ఆ గడువు 2024 జూన్ 2తో తీరెను. వెంటనే తెలంగాణము వైద్యప్రవేశములకు నియమము మార్చి, అర్హతాపరీక్షతో ముగియు నాలుగేండ్లును తమ రాష్ట్రముననే చదివియుండవలెనని పట్టుపట్టినది. హైకోర్టు దానిని సడలించెను. 2025లో సర్వోన్నత న్యాయస్థానము రాష్ట్రపు నియమమునే నిలబెట్టెను. తుంగభద్ర కావలనున్న అలంపురపు పిల్లలకు దగ్గరి పట్టణము కర్నూలే. అచటివాడు ఏరు దాటివచ్చి ఇచట ఇంటర్మీడియటు చదివినచో, సామాన్యముగా తన రాష్ట్రమున వైద్యసీటునకు పరస్థలుడగును. తీర్పు తప్పని మేమనము. నియమము ముందే తెలియవలెననుట మాత్రమే మా కోరిక. తొమ్మిదవ తరగతిలో చేరునాటికి ఉన్న నియమము పండ్రెండవ తరగతి ముగియునాటికి మారుటయు, అది ప్రవేశముల వేళనే వ్యాజ్యమునకెక్కుటయు పిల్లలకు న్యాయము కాదు. నాలుగేండ్ల చదువును లెక్కించు నియమమునకు నాలుగేండ్ల ముందు ప్రకటన యుండుట సబబు.

ఇట్టి ప్రమాదములకు మనవారేల లోనగుచున్నారని కోస్తా మిత్రులు కొందరడుగుదురు. 1937 నవంబరు 16న శ్రీబాగు ఒడంబడికలో రాయలసీమ పెద్దలు కోరిన వానిలో విశ్వవిద్యాలయ కేంద్రమొకటి. కర్నూలునకు వైద్యకళాశాల 1957లో వచ్చెను. అంతకుముందు మూడేండ్లు అది రాజధానిగా నుండిన పట్టణమని గుర్తుంచుకొనవలెను. కడపకు ప్రభుత్వ వైద్యకళాశాల లభించునాటికి 2006. కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయము ఆ యేడే, కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయము 2008లో. వానకై చూచినట్లే చదువునకై చూచు సీమ యిది. అట్టిచోట ఊరిదగ్గర సీటు దొరికినదన్నపుడు కాగితములు నిదానముగా చదువు ఓపిక తండ్రికుండదు. ఎదుటివాడు సీటు తన్నుకొనిపోవునను భయమే యుండును. ఈ భయము మీదనే ప్రవేశముల వ్యాపారము నడుచుచున్నది.

కనుక ఆ తండ్రి జాగ్రత్తపై భారము మోపుట చాలదు. మొదట కావలసినది బాధ్యతల పత్రము వంటిదొకటి. ఆరోగ్యవిశ్వవిద్యాలయము — పేరు ఎన్.టి.ఆర్. నుండి 2022లో మారి 2024లో మరల ఎన్.టి.ఆర్. అయినది, పేరు మార్చుటకు పట్టినంత శ్రద్ధ దీనికిని పట్టినచో చాలును — ప్రతి సంవత్సరము ప్రవేశములకు ముందు తన క్రిందనున్న ప్రతి కళాశాలకు ఆ యేటికి అనుమతియున్నదా, ఎన్ని సీట్లకు, ఏ సీట్లపై ఏ న్యాయస్థానమున ఏ వ్యాజ్యము నడుచుచున్నదను పట్టికను తెలుగులో ప్రకటింపవలెను. సీటు ఇచ్చు కాగితము మీదనే, సంతకము చేయుచోటికి పైన, ఆ వాక్యముండవలెను. వైద్యమండలి పోయి 2020 సెప్టెంబరు 25 నుండి జాతీయ వైద్య కమిషను వచ్చినది; తనిఖీ విధానములు మారినవి. వ్యాజ్యములు మానలేదు.

రెండవది ధనము. వ్యాజ్యము నడుచుచుండగా చేర్చుకొనుటకు న్యాయస్థానము సెలవిచ్చునపుడు, యాజమాన్యము ప్రతి సీటుకును రుసుముతోపాటు పరిహారపు మొత్తమును న్యాయస్థానమున ముందే కట్టియుంచవలెను. లక్నో తీర్పు కొలతనే తీసికొన్నను నూరుగురికి 10 కోట్లు. అంత సొమ్ము కట్టలేమని కొన్ని సంస్థలు మొరపెట్టునేమో. తన వాదమున తనకు నమ్మకముగలవానికి ఆ సొమ్ము వడ్డీతో తిరిగివచ్చును. నమ్మకము లేనివాడు ఇతరుల బిడ్డలను చేర్చుకొనుటయేల? లక్నోలో పరిహారము తీర్పు తరువాత విధింపబడినది. ముందే కట్టియున్నచో ఆ 150 మందిలో ఎందరిని చేర్చుకొనుటకు ఆ సంస్థ సాహసించియుండెడిదో పాఠకులే యూహింపవచ్చును. వ్యాజ్యము సైతము త్వరగా ముగియును. ధనము కదలక పడియున్నచో వాయిదా కోరు వకీలు కనబడడు.

మూడవది, ఆవశ్యకతా పత్రములోని ఆ విశేషణము. అనుమతితో చేరినవారికి మాత్రమేయన్న రక్షణను, న్యాయస్థానపు ఉత్తర్వుతో చేరి విశ్వవిద్యాలయపు నమోదుసంఖ్య పొందినవారికిని విస్తరింపవలెను. నమోదుసంఖ్య ఇచ్చినది ప్రభుత్వపు విశ్వవిద్యాలయము. ఇచ్చిన పిమ్మట చేతులు కడుగుకొనుట 1975 నాటి కురుక్షేత్రపు తీర్పునకే విరుద్ధము. విస్తరించినచో విశ్వవిద్యాలయము సంఖ్య ఇచ్చుటకు ముందు పదిమారులు చూచుకొనును, అదియు మేలే. ఇతర కళాశాలలలో సర్దుబాటునకు కేంద్రపు కమిషను సమ్మతి కావలెను గనుక దానికి ఢిల్లీతో మాటలాడవలసియుండును. 2017లో ఆ మాటలు విద్యార్థులు టవరెక్కిన తరువాత మొదలయ్యెను. రుసుములు రాబట్టి యిప్పించుటకు, కట్టుబాటు ధనము నియమించుటకు మాత్రము ఢిల్లీ సెలవు అక్కరలేదు. రాష్ట్రశాసనసభ ఒక చిన్న చట్టముతో చేయగలదు. కడప, కర్నూలు ప్రతినిధులు పక్షభేదము లేక దానిని వచ్చు సమావేశములోనే ప్రతిపాదింపవచ్చును.